నైరుతి మూల చూరు నీళ్లు

కరెంటు వచ్చేలోగా తేల్చుకోమన్నాడు పైపుల దుకాణం బాపురావు. పైపులు కోసే మిషను కరెంటు ఉంటేనే తిరుగుతుంది, కరెంటు మూడింటికి గానీ రాదు, ఒకసారి కోశాక పైపును వాపసు తీసుకునే దుకాణం బోధన్ మొత్తం వెతికినా దొరకదు. “ఏ దిక్కు వంపుతవో, కింది పైపు ఎంత పొడుగు కావాల్నో గప్పటిదాకా మంచిగ ఆలోచన చేసుకో అక్కా. కోసినంక నా మీదికి రావద్దు,” అని తువ్వాలు ముఖం మీద కప్పుకొని కుర్చీలోనే వెనక్కి వాలాడు. సుమిత్ర బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంది. ఒళ్లో రెండు దారపు ఉండలు, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది, రెండూ బీడీలకు చుట్టే దారాలే. తెల్లది పొద్దున మొగుడు హన్మాండ్లు ఇచ్చిన కొలత. ఎర్రది నిన్న అతను షుగర్ ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాక, మధ్యాహ్నం తాను ఒక్కతే నిచ్చెన ఎక్కి తీసిన కొలత. తెల్లదాన్ని ఆమె విప్పి కూడా చూడలేదు. చూడాల్సిన పనేముంది, అందులో ఏముందో ఇన్నేళ్లుగా తెలిసిందే.

చూరు కింద కట్టే కాలువ, ఆ కాలువలోంచి నీళ్లు నేలకు దిగే గొట్టం, ఈ రెండింటి కోసమే వచ్చింది. ఇంటికి ఉన్నవి రేకువి, తుప్పు పట్టి జల్లెడలైపోయాయి, నిరుడు కోతుల మంద వాటి మీద పరుగు పందెం పెట్టుకుంటే సగం ఊడి వేలాడాయి. ఎవరిని అడిగినా ఈసారి ప్లాస్టిక్‌దే పెట్టించమన్నారు. బాపురావు మూడు రకాలు తెచ్చి ముందు పడేశాడు. ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించిన తయారు కాలువ, తెల్లగా, నున్నగా, అంచులు మడిచి, పెళ్లికూతురిలా ఉంది. రెండోది బోరుబావుల్లో దింపే నీలం పైపు. మూడోది బూడిద రంగు ఆరంగుళాల పైపు, దాన్ని నిలువునా చీలిస్తే రెండు కాలువలవుతాయి, ఊళ్లో సగం మంది చేసేది ఈ పనే. సుమిత్ర తెల్లదాని అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కింది. చిన్నప్పటి నుంచీ తునికాకు పట్టిన వేళ్లవి, ఏ ఆకు చుట్టేటప్పుడు చిట్లుతుందో పట్టుకోగానే చెబుతాయి. ఇది చిట్లుతుంది. రెండు ఎండాకాలాలు కాగి, మీద ఒక కోతి దూకిందంటే అప్పడమే. నీలంది గట్టిదే కానీ చీలిస్తే అంచులు లోపలికి ముడుచుకుపోతాయని మేస్త్రి పోశన్న ముందే చెప్పాడు. బూడిద రంగుదే మేలు, అందులోనూ మందంది. కిందికి దిగే గొట్టం మూడంగుళాలది చాలంటాడు బాపురావు. ఎట్లా చాలుతుంది, పక్కింటి వేపచెట్టు ఆకంతా తమ పెంకుల మీదే రాలుతుంటే, పెంకుల నాచు ముద్దలు ముద్దలుగా ఊడి వస్తుంటే? నాలుగంగుళాలది కావాలి. ఇదంతా ఆమె దుకాణంలో అడుగుపెట్టిన కాసేపటికే తేల్చేసుకుంది. తేలనిది అది కాదు.

బయట ఎండ ఉన్నట్టుండి మెత్తబడింది. మబ్బు పడుతోంది. ఎల్లుండే మిరుగం, మృగశిర కార్తె, బస్టాండు దగ్గర చేపల బుట్టలు అప్పుడే దిగాయి, ఇక్కడిదాకా నీచు వాసన. మిరుగం నాడు చేప తింటే దమ్ము, ఆ ఆయాసం, తగ్గుతుందంటే కూతురు గంగకు ప్రతి ఏడూ తినిపిస్తూనే ఉంది, ముల్లు తీసి, నోట్లో పెట్టి, మింగిందాకా ఎదురుగా కూర్చుని. తగ్గలేదు. చేప ఏం చేస్తుంది పాపం, గోడ అట్లా ఉంటే. గోడ మాట తలపుకు రాగానే దుకాణంలో లేని వాసన ఒకటి ముక్కుకు తగిలింది, నానిన సున్నం వాసన, దాని వెనకే బూజు, దాని వెనకే పిల్ల తలకు రాసిన కొబ్బరినూనె, అన్నీ కలిసి ఆ వెనకటి గది వాసన. గోడ మీద నల్లటి మరక, మొదట అరచేయంత, తర్వాత చాటంత, నిరుడు మంచం పొడుగునా. గంగ ఆ మరకలో బొమ్మలు చూసేది. గిది ఎద్దు, గిది మన అవ్వ, గిది నువ్వే అమ్మా, బీడీల చాట ముంగట కూసున్నవ్ చూడు అనేది. చూసింది. నిజంగానే అట్లాగే ఉంది. తనను గోడమీద చూసుకుని ఆ రోజు అన్నం సహించలేదు.

ఇల్లు మామ కట్టించింది. రాకాసిపేటలో గూనపెంకుల ఇల్లు, తూర్పు ముఖం. వెనక పడమటి గోడ కొంచెం దక్షిణానికి దిగబడింది, కట్టిననాడే దిగబడిందో తర్వాత దిగబడిందో ఎవరికీ తెలియదు కానీ చూరు నీళ్లు మొదటి నుంచీ అటే పోయేవి. అటు చివర నైరుతి మూల, మూలన మురుగు పోయే మోరీ, మోరీ పక్కన కరివేపాకు చెట్టు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు వాన పడితే పరుగెత్తుకెళ్లి ఆ మూలన బిందె పెట్టేది, బిందె నిండేదాకా తడుస్తూ నిలబడేది, అత్త అంజవ్వ లోపలి నుంచి, “సర్ది చేస్తది పిల్లా, ఇంట్లకు రా,” అని అరిచేది. ఆ నీళ్లతో తల పోసుకుంటే వెంట్రుకలు పట్టులా ఉండేవి. ఎవరికీ ఆ మూలలో తప్పు కనబడలేదు. తర్వాత పిల్లలు పోయారు. మొదటివాడు ఏడో నెలలోనే వచ్చాడు, ఏడవలేదు. రెండోది ఆడపిల్ల, ఏడ్చింది, ఒక పూట ఏడ్చి మానేసింది. అత్త ఆ దిగులుతోనే పోయింది. ఫ్యాక్టరీలో ఎవరో హన్మాండ్లుకు చెప్పారట, ఫలానా ఆయన వాస్తు చూస్తే చూసినట్టేనని. ఆ ఫలానా ఆయన వచ్చాడు, తెల్ల లాల్చీ, చేతిలో దిక్సూచి. ఇల్లంతా తిరిగి, వెనక్కి పోయి, మోరీ దగ్గర నిలబడి, చూరు వైపు చూసి, “మీ పిల్లలు ఇక్కన్నుంచే పోతున్నరు,” అన్నాడు. అంత మాట అనేశాడు మనిషి. అనేసి మంచినీళ్లు అడిగి తాగాడు.

ఆ మాట ఆమె కడుపులో మేకు దిగినట్టు దిగింది, అబద్ధం ఎందుకు, హన్మాండ్లు కంటే తనే ఎక్కువ నమ్మింది. అప్పటికప్పుడు కాలువను తిప్పించారు. నీళ్లు ఈశాన్యానికే పోవాలన్నాడు కాబట్టి దక్షిణపు కొసను ఎత్తి ఇటుకల మీద నిలబెట్టి, ఉత్తరపు కొసన గొట్టం దింపి, ఆ గొట్టాన్ని ఉత్తరపు గోడ పొడుగునా తీసుకెళ్లి ఈశాన్యం మూలన వదిలారు. దిగబడ్డ గోడ మీద ఎగువకు పారే కాలువ. ఆ మరుసటేడు గంగ పుట్టింది. పిల్ల ఏడ్చింది, మానలేదు, వారమైనా మానలేదు, ఆ ఏడుపు వింటూ ఆమె నవ్వేది, పక్కింటివాళ్లు దీనికి పిచ్చి లేసిందనుకున్నారు. మొక్కుకున్నట్టే కందకుర్తికి పోయి, గోదారిలో ముంచి తీసి, గంగామణి అని పేరు పెట్టుకొచ్చారు. అప్పటి నుంచి ఆ కాలువ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఆ మూల పేరు కూడా ఎత్తలేదు. వెనక చెట్టు కాడ అనేవాళ్లు, మోరీ దిక్కు అనేవాళ్లు, నైరుతి అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

నీళ్లకు ఈ సంగతులేం తెలుసు. అవి వాటి దారిన దక్షిణానికే పోదామని చూసేవి, ఎత్తిన కొస అడ్డం, మధ్యలో ఆగి, నిండి, వెనక అంచు మీదుగా గోడలోకి దిగేవి. మొదటేడు చెమ్మ. రెండో ఏడు మరక. గంగకు నాలుగో ఏడు రాగానే దమ్ము మొదలైంది, వాన పడితే చాలు పిల్ల ఛాతీలో పిల్లికూనలు, మెడ నరాలు లేచి, భుజాలు పైకి కిందికి, కళ్లు మాత్రం అమ్మ మీదే. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో చూపిస్తే డాక్టరు పరీక్ష చేసి రెండే అడిగింది. ఇంట్లో తంబాకు పని చేస్తరా? పిల్ల పండే గోడ తడి ఉంటదా? రెండింటికీ అవునంటూ తలూపి, ఆ రెండు అవునులూ మోసుకుని బస్సెక్కింది. కిటికీ బయట చెరకు బండ్లు, మూతికి అంటుకునే మడ్డి వాసన, ఒళ్లో పిల్ల నిద్ర. తంబాకు తన చేతిలో లేదు. బీడీ చుట్టకపోతే చెరకు సీజను అయిపోయిన నెలల్లో వచ్చే సగం జీతంతో పొయ్యి మీదికి ఏమొస్తుంది. అయినా చాటను ముందు అరుగు మీదికి మార్చింది, పొద్దు గుంకేలోపు చేతులు సబ్బుతో రెండుసార్లు తోముకుని గానీ పిల్లను ముట్టుకోదు. ఆ పిల్లను వేరే గదిలో పడుకోబెట్టరాదా అంటారు వినేవాళ్లు. వేరే గది ఏది? ముందర గదిలో బియ్యం, బట్టలు, ఆకు, తంబాకు. గోడ ఒక్కటే తన చేతిలో ఉంది.

ఆ సంగతే పోయిన వారం మొగుడికి చెప్పింది. అన్నం పెట్టి, అతను సగం తిన్నాక చెప్పింది, ముందే చెబితే తినడని. కాలువ ఎట్లాగూ మారుస్తున్నం గదా, పాత దిక్కుకే వంపుదాం, గోడ ఎండుతది, పిల్ల బాగైతది అంది. హన్మాండ్లు ముద్ద కంచంలో వదిలేశాడు. “గా ముచ్చట తియ్యకు,” అన్నాడు. ఆమె తీసింది. ఎందుకు తియ్యదు, పిల్ల దగ్గుతుంటే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది తనే కదా. కొంచెం గట్టిగానే అరుచుకున్నారు. చివరికి అతను గొంతు తగ్గించి, “నాకు భయమైతది సుమిత్రా. గంతే,” అన్నాడు. కోపిష్టి మనిషైతే ఎదురు తిరిగేది, తాగుబోతైతే తిట్టేది, భయమని చెప్పుకున్న మనిషిని ఏం చేస్తుంది? అప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఉప్పు, నీళ్లు, సబ్బు తప్ప మాటల్లేవు. పొద్దున డ్యూటీకి పోతూ గడప దగ్గర ఆగి, ఆమె ముఖం చూడకుండానే తెల్ల దారపు ఉండ చేతిలో పెట్టాడు. “గిదే కొలత. గింతే తే. ఎక్కువ తేకు.” ఎక్కువ తేకట. ఉత్తరపు గోడ చుట్టూ తిరిగొచ్చే గొట్టానికి ఎక్కువేంది, తక్కువేంది. ఒళ్లు మండిపోయింది. అదే మంటతో నడుచుకుంటూ బజారుకు వచ్చింది.

నిన్న నిచ్చెన ఎక్కినప్పుడు తనకూ భయమేసింది, అది వేరే సంగతి. కరివేపాకు చెట్టు కొమ్మ ఒకటి అప్పటికే విరిగి వేలాడుతోంది, పక్కింటి మేక పనేనని తిట్టుకుంటూ దాన్ని పక్కకు తోసి నిచ్చెన ఆనించింది. ఎర్ర దారం కాలువ పొడుగునా సాగదీసి, కొసన ఒక ముడి, అక్కడి నుంచి మోరీ దాకా దించి ఇంకో ముడి. ఆ రెండో ముడి వేసేటప్పుడు చెవిలో ఆ లాల్చీ మనిషి గొంతు. ఇక్కన్నుంచే పోతున్నరు. ముడి జారిపోయింది, మళ్లీ వేసింది. ఇప్పుడు ఒళ్లో ఆ ఎర్ర ఉండను వేలితో తిప్పుతుంటే అదే గొంతు. రేపు నీళ్లు అటు పారాక పిల్లకు జ్వరం వచ్చినా, బండి తగిలినా, ఏమైనా సరే, హన్మాండ్లు ఒక్క మాట అనడు, అనకుండా చూస్తాడు. అతను చూడకపోయినా తనను తానే చూసుకుంటుంది. తిప్పిన చేయి ఇదే కదా అని. తీరా ఆ రోజు వస్తే తట్టుకోగలదా? పోనీ తెల్లదాని కొలతే కోయించుకుపోతే? ప్లాస్టిక్‌ది కదా, కొత్తది కదా, ఏమో, కారదేమో. కారుతుంది. ఎగువకు పారమంటే ప్లాస్టిక్ అయితే పారుతుందా?

అసలు గంగను ఎవరు ఇచ్చారు. ఈ మాట ఇట్లా నిలబెట్టి తనను తాను ఎప్పుడూ అడగలేదు. ఆ ఏడాది తలుచుకుంటే కాలువే కళ్ల ముందుకొస్తుంది, ఇటుకలు, కొత్త రేకు మెరుపు. దాని వెనక ఇంకేదో కదిలింది ఇప్పుడు. మోస్రా. తల్లిగారి ఇల్లు. మూడో నెల రాగానే కన్నతల్లి, అవ్వ ముత్తవ్వ వచ్చి, గొడవపడి తీసుకుపోయింది తనను. తను బీడీల చాట కూడా మూటలో కట్టుకుని పోయింది, ఊరకే కూర్చుని తినడం చేతకాక. అవ్వ ఆ చాటను చూసి, మాట్లాడకుండా తీసుకుపోయి, ఆకుతో తంబాకుతో సహా పెంటకుప్ప మీద గుమ్మరించి, ఖాళీ చాట తెచ్చి గోడకు తగిలించింది. “మూడోసారి కడుపుల పెట్టుకొని పొద్దంత వంగి కూసుంటవా? కాన్పు అయ్యేదాంక దీన్ని ముట్టితే చేతులిరగ్గొడ్త,” అంది. పక్క మీద నుంచి లేవనివ్వలేదు. వర్ని దవాఖాన దాకా ఎడ్లబండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తీసుకుపోయి సూదులు వేయించింది. పాలు, గుడ్లు, తోటకూర, రాత్రి ఒకసారి పొద్దున ఒకసారి కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకునేది, పచ్చి పసుపు కొమ్ములు తవ్వి తవ్వి గరుకెక్కిన చెయ్యి. ఆ చెయ్యి బరువు ఇప్పుడు, ఈ రంగు డబ్బా మీద కూర్చున్న కడుపు మీద తెలిసింది. తొమ్మిది నెలలూ కాపలా కాసిన మనిషి. అవ్వ పోయి నాలుగేళ్లు, ఒక్కనాడు, ఒక్కటంటే ఒక్కనాడు, నువ్వే ఇచ్చినవవ్వా గంగను అని ఆమెతో అన్న పాపాన పోలేదు. ఆ పేరంతా తుప్పు రేకు తినేసింది. సుమిత్రకు కళ్లు మండాయి, కొంగుతో తుడుచుకుంది, మళ్లీ మండాయి. ఏడుపు కాదది, చాలావరకు రోషం. తన కడుపుకు, తన అవ్వ చేతికి దక్కాల్సింది ఒక రేకు ముక్కకు ఇచ్చేసి, ఆ రేకు తన పిల్ల ఊపిరి తీస్తుంటే దండం పెట్టుకుంటూ కూర్చుంది ఇన్నేళ్లు. ఇంక చాలు. భయం పోలేదు, అక్కడే ఉంది, ఉండనీ. పోశన్న మేస్త్రిని రేపు పొద్దున్నే రమ్మనాలి. హన్మాండ్లు డ్యూటీ ఎక్కగానే పని మొదలు కావాలి, దిగి వచ్చేసరికి ఇటుకలు తీసేసి, కాలువ బిగించి ఉండాలి. అరుస్తాడా, అరవనీ. అన్నం మానేస్తాడా, మాననీ. ఎండిన గోడ పక్కన పిల్లను పడుకోబెట్టి, ఆ పిల్ల ఊపిరి వినమంటుంది.

ఫ్యాను గరగరమని తిరిగింది. “లైట్ ఆలీ,” అంటూ బాపురావు తువ్వాలు తీసి లేచాడు, నిద్ర మత్తులో ఆయనకు మరాఠీయే వస్తుంది. “చెప్పు అక్కా, ఏది?”

“బూడిద రంగుది. మందంది. కిందికి నాలుగంగుళాలది. కొలత గిది,” అని ఎర్ర దారం ఇచ్చింది. బాపురావు దారాన్ని నేల మీద సాగదీసి, రెండు కొసలకూ రెండు మేకులు పెట్టి, ముడి ఉన్నచోట సుద్దముక్కతో గీత గీశాడు. మిషను మొదలైంది. పైపు నిలువునా చీలుతుంటే తెల్లటి పొట్టు ఎగిరి ఆమె పాదాల మీద, చీర కుచ్చెళ్ల మీద పడింది, కాలిన వాసన. కిందికి దిగే గొట్టం కోసే ముందు బాపురావు ఆగి ఒకసారి ఆమె వైపు చూశాడు. కొయ్యమన్నట్టు తలూపింది. తెగింది. ఇంక వాపసు లేదు, ఆ మాట అనుకోగానే ఆమెకు ఒళ్లు తేలికయింది.

చీల్చిన రెండు బద్దలనూ ఒకదానిలో ఒకటి పెట్టి కట్టాలి, లేకపోతే రిక్షా మీద జారిపోతాయి. బాపురావు సుతిలి తాడు కోసం వెతుకుతుంటే, ఎందుకులే, నా దగ్గర పొడుగు దారం ఉంది, ఇంక దానితో నాకేం పని, అని సుమిత్ర తెల్ల ఉండను విప్పింది. ఉత్తరపు గోడంత దారం, పదిచుట్లు వస్తుందనుకుంది. బారలు బారలుగా లాగుతోంది, నేల మీది ఎర్ర దారం పక్కనే పరుచుకుంటూ పోతోంది తెల్లది. ముడి ఒకటి వచ్చింది. ఎర్రదాని మొదటి ముడి పక్కనే వచ్చింది. రావాల్సిందే, కాలువ పొడుగు ఎటైనా ఒకటే కదా. ఇంకా లాగింది. ఇంకో ముడి. అక్కడితో దారం అయిపోయింది. చేతిలో ఏమీ మిగలలేదు.

మొదట తెగిపోయిందనుకుంది. కొస పట్టుకుని చూసింది, తెగిన కొస కాదు, పంటితో కొరికి, రెండుసార్లు మెలేసి వేసిన ముడి, హన్మాండ్లు ముడి, అతను చెప్పు తాడుకైనా నాడాకైనా అట్లాగే వేస్తాడు. తెల్లదాని చివరి ముడి, ఎర్రదాని చివరి ముడి పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో నాలుగు వేళ్ల తేడా, అంతే, ఉత్తరపు గోడ చుట్టూ తిరిగే కొలత కాదది, మోరీకి దిగేదే. సుమిత్ర నేల మీద చతికిలబడింది. మేక కాదు. కరివేపాకు కొమ్మ విరిచింది మేక కాదు. తనకంటే ముందే, ఎప్పుడో తాను కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయినప్పుడు, భయపడే ఆ మనిషి, ఆ మూలన నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ముడి తనకు జారినట్టే అతనికీ జారి ఉంటుంది. ఎక్కువ తేకు అన్నాడు. అంతకంటే చెప్పడం చేతకాలేదు, ముడి వేసి ఇచ్చాడు. తాను విప్పనైనా విప్పలేదు.

“ఏమైందక్కా, కొలత తప్పిందా?” అన్నాడు బాపురావు కంగారుగా, కోసిన గొట్టం వైపు చూస్తూ.

“తప్పలే,” అంది. ముక్కు చీదుకుని లేచింది. రెండు దారాలనూ కలిపి ఒకటే ఉండగా చుట్టి బొడ్లో దోపుకుంది. “సుతిలే కట్టన్నా.” ఎందుకో బాపురావుకు అర్థం కాలేదు, సుతిలి దొరికింది, కట్టాడు. కట్టాక చెవి మీద నుంచి పెన్సిలు తీసుకున్నాడు. “గొట్టం దిగే కొస ఏ మూలకు పెడతరు? దీని మీద రాస్త. మేస్త్రి ఉల్టా పెడితే మల్ల నన్నంటరు.”

బయట మొదటి గాలి లేచింది, చేపల బుట్టల మీది గోనెలు ఎగిరాయి. పోశన్నను రేపు పొద్దున వద్దని చెప్పాలి. సాయంత్రం రమ్మనాలి, హన్మాండ్లు డ్యూటీ దిగాక, నిచ్చెన పట్టుకోవడానికి అతను ఉండాలి.

“నైరుతి,” అంది సుమిత్ర. ఎన్నో ఏళ్లకు నోట్లోంచి వచ్చిన మాట, మామూలుగానే వచ్చింది. బాపురావు నాలుకతో పెన్సిలు తడి చేసుకుని రాశాడు.